కామెర్లొస్తే ముందు ఏం చెయ్యాలి, పసరు మాటేంటి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. పద్నాలుగేళ్ళుగా రక్తం తీయడం, మిషన్లో పెట్టడం, రిపోర్ట్ ఇవ్వడం, ఇదే పని. కామెర్ల కేసైతే మిషన్ చెప్పకముందే నాకు తెలిసిపోద్ది, ఎలాగంటే ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేలే సీరం మామూలు మనిషిదైతే ఎండుగడ్డి రంగులో లేతగా ఉంటది, వీళ్ళది పులిహోర పోపులో నూనెలాగా చిక్కటి పసుపు, మరీ ఎక్కువైతే కాస్త ఆకుపచ్చ జీర కూడా కొడతది. రిపోర్ట్ చేతికిచ్చాక కౌంటర్ దగ్గర అడిగేవి రెండే ప్రశ్నలు, ఒకటి "ఎన్ని పాయింట్లు ఉన్నాయి బాబూ", రెండోది "ఇక్కడ పసరు బాగా ఎవరు పోస్తారు". పసరు పోసేవాళ్ళని తిట్టడానికి ఇది రాయట్లేదు, మా ఇంట్లో కూడా పోయించారు, ఆ సంగతి తర్వాత చెప్తా. కానీ ఏది ముందు ఏది వెనక అన్నది చాలామందికి తెలియట్లేదు, ఆ వరసే ఇది.

కామెర్లు అసలు జబ్బే కాదు

ఇదొక్కటి బుర్రలోకి ఎక్కితే మిగతాదంతా ఈజీ. జ్వరం ఎలాగైతే జబ్బు కాదో, లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తో, కామెర్లు కూడా అంతే. మన ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతికి చచ్చిపోతాయి, వాటిలోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడతది, దాన్ని లివర్ పట్టుకుని శుద్ధి చేసి పైత్యరసంలో కలిపి పేగుల్లోకి తోలేస్తది, మన మలం రంగు దానివల్లే.

మన ఊళ్ళో చెత్త ట్రాక్టర్ అనుకోండి. వీధిలో చెత్త పేరుకుపోయిందంటే కారణాలు మూడు. ఒకటి, పండగొచ్చి చెత్తే ఎక్కువ పడింది, అంటే రక్తకణాలు గబగబా పగిలిపోతున్నాయి. రెండు, చెత్త ఎత్తే మనుషులకే ఒంట్లో బాలేదు, అంటే లివర్‌కి వైరసో మందో సారానో తగిలింది. మూడు, మనుషులూ ట్రాక్టరూ బానే ఉన్నా డంపింగ్ యార్డుకి పోయే దారి మూసుకుపోయింది, అంటే పైత్యనాళంలో రాయో గడ్డో అడ్డం పడింది. మూడిట్లోనూ కళ్ళు పచ్చగానే ఉంటాయి. కానీ మొదటిదానికి వైద్యం వేరు, మూడోదానికి ఒక్కోసారి ఎండోస్కోపీయో ఆపరేషనో తప్పదు, దారిలో అడ్డంగా పడున్న రాయిని ఏ ఆకు పసరూ కదపలేదు. అందుకే ముందు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి.

ఇంట్లో మీరు చూడగలిగినవి

కళ్ళు పగటి వెలుతురులో చూడండి, గుమ్మం దగ్గరో ఆరుబయటో, రాత్రి బల్బు కింద చూసి భయపడొద్దు, ధైర్యమూ పడొద్దు. కింద రెప్ప లాగి తెల్లగుడ్డు చూడాలి, మన ఒంటి రంగుకి చర్మం మీద తొందరగా కనపడదు, నాలుక కింద కూడా కనపడతది. బిలిరుబిన్ మామూలుగా 1.2 లోపు ఉంటది, 2, 3 దాటితే గానీ కంటికి కనపడదు, అంటే మీకు కనపడేటప్పటికే మొదలై కొన్నాళ్ళయింది. అరచేతులు పచ్చగా ఉండి కళ్ళు తెల్లగా ఉంటే అది కామెర్లు కాదు, క్యారెట్టు, బొప్పాయి మరీ ఎక్కువ తిన్నా అలా అవుతుంది. పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా కనిపిస్తదని సామెత ఉంది గానీ, నేను చాలామందిని అడిగాను, ఒక్కడికీ అలా కనపడలేదంట.

తర్వాత ఒంటేలు. చిక్కటి టీ డికాషన్ రంగులో వస్తుంటే, ఊపితే నురగ కూడా పసుపుగా ఉంటే బిలిరుబిన్ పోతున్నట్టే. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్నా పసుపుగా వస్తది కానీ అది మెరిసే పసుపు, ఇది ముదురు గోధుమ. నీళ్ళు తక్కువ తాగినా ముదురుతది, రెండు గ్లాసులు తాగి మళ్ళీ చూడండి.

మలం రంగు ఎవరూ చెప్పరు, సిగ్గుపడతారు, కానీ డాక్టర్‌కి అదే బంగారం. తెల్లగా, సుద్దమట్టిలా వస్తుంటే, ఒళ్ళంతా దురద ఉంటే దారి మూసుకుపోయిందేమో అని అనుమానించాలి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, చలితో జ్వరం, కామెర్లు, ఈ మూడూ కలిసొస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, పైత్యనాళంలో చీము పట్టే ప్రమాదం. వయసు మళ్ళినవాళ్ళకి నొప్పి ఏమీ లేకుండా మెల్లగా కామెర్లొచ్చి బరువు తగ్గిపోతుంటే మాత్రం ఒక్క వారం కూడా పసరుతో గడపొద్దు, స్కానింగ్ చేయించండి, పాంక్రియాస్ (క్లోమం) తలలో గడ్డ ఉంటే ఇలాగే మొదలవుతది.

ఇంకా గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసుకోండి: గత రెండు నెలల్లో ఏ ఊరెళ్ళారు, ఎక్కడ నీళ్ళు తాగారు, ఏ మందులు వాడారు, రక్తం ఎక్కించుకున్నారా, టాటూ వేయించుకున్నారా, ఎవరి దగ్గర ఇంజక్షన్ చేయించుకున్నారు, తాగుడు ఎంత (నిజం రాయండి, భార్య పక్కనుందని తగ్గించొద్దు). నిన్న తిన్న పానీపూరీని తిట్టుకుంటారు అందరూ, దాని తప్పేం లేదు, హెపటైటిస్ ఎ (నీళ్ళ ద్వారా వచ్చే లివర్ వైరస్) లోపలికి పోయాక బయటపడటానికి సగటున 4 వారాలు పడతది, అంటే నెల కిందట తిన్న పానీపూరీని అనుమానించండి.

రక్తం ఇచ్చేటప్పుడు ఏం రాయించుకోవాలి

"కామెర్ల టెస్ట్ చెయ్యండి" అంటే చాలా ల్యాబుల్లో ఒక్క బిలిరుబిన్ చేసి ఇచ్చేస్తారు. అది చాలదు. ఎల్ఎఫ్‌టీ అని అడగండి, లివర్ ఫంక్షన్ టెస్ట్, అందులో టోటల్, డైరెక్ట్ (లివర్ శుద్ధి చేసినది), ఇన్‌డైరెక్ట్ (ఇంకా చెయ్యనిది) బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (దారి మూసుకుంటే పెరిగేది), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్) వస్తాయి. దాంతో పాటు సీబీపీ (రక్తకణాల లెక్క), పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది, ఎక్కువొస్తే మంచిది కాదు). ప్రభుత్వాసుపత్రిలో ఇవి ఫ్రీగానే చేస్తారు, తెలంగాణలోనైతే పీహెచ్‌సీలో శాంపిల్ ఇస్తే జిల్లా డయాగ్నస్టిక్ హబ్‌కి పోయి రిపోర్ట్ వస్తది.

రిపోర్ట్‌ని మోటుగా ఇలా చదవొచ్చు, చదివి మీరే వైద్యం మొదలెట్టమని కాదు, డాక్టర్ చెప్పేది అర్థమవ్వడానికి.

ఇన్‌డైరెక్ట్ ఒక్కటే ఎక్కువ, మిగతావన్నీ నార్మల్. అయితే కణాలు పగులుతున్నాయి, లేదా గిల్బర్ట్ సిండ్రోమ్. ఈ గిల్బర్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీనికి పసరు తాగినవాళ్ళు నాకు లెక్కలేనంత మంది తెలుసు. పుట్టుకతో లివర్లో ఒక ఎంజైమ్ కాస్త నెమ్మదిగా పనిచేస్తది, అంతే, జబ్బు కాదు, ఉపవాసం ఉన్నా, జ్వరమొచ్చినా, నిద్ర లేకపోయినా బిలిరుబిన్ 2, 3 దాకా పోయి మళ్ళీ దిగుతది. ఒక కుర్రాడు దుబాయ్ పనికి మెడికల్‌కని వచ్చాడు, టెన్షన్‌తో రాత్రంతా తినలేదు, పొద్దున్న 2.6 వచ్చింది, ఇల్లంతా ఏడుపు, ఎవరో చెప్తే మూడు రోజులు చప్పిడి పథ్యం, పసరు. పథ్యంలో తిండి లేక ఇంకా పెరిగింది, 3.1. డాక్టర్ చూసి నవ్వి శుభ్రంగా తిని రెండ్రోజులాగి రమ్మన్నారు, 1.5. అదీ గిల్బర్ట్. కణాలు పగిలేదైతే వేరే కథ, హీమోగ్లోబిన్ కూడా పడిపోతది, మన ఏజెన్సీ ఏరియాల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలు, మలేరియా వచ్చినవాళ్ళు, జీ6పీడీ (ఎర్ర కణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళు ఈ లెక్కలో వస్తారు. ఈ జీ6పీడీ పిల్లల ఇంట్లో బట్టల మధ్య కలరా ఉండలు పెట్టొద్దు, వాటి వాసనకే కణాలు పగిలిపోగలవు.

ఎస్‌జీపీటీ వందలు, వేలల్లో ఉంటే లివర్ కణాలు దెబ్బతింటున్నాయి, మామూలు 40 దరిదాపు. వైరసో మందో అయ్యుంటది. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెండింతలు దాటి, కానీ రెండూ వందల్లోనే ఉంటే సారా మీద అనుమానం. డెంగ్యూలో కూడా ఎస్‌జీఓటీయే ముందుంటది కానీ అక్కడ ప్లేట్‌లెట్లు పడిపోయుంటాయి. వరదలొచ్చి మురుగునీళ్ళలో తిరిగినవాళ్ళకి జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రటి కళ్ళతో కామెర్లొస్తే ఎలుక జ్వరం గుర్తుకు రావాలి, దానికి యాంటీబయాటిక్ ఉంది, ఆలస్యమైతే కిడ్నీలు పోతాయి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా ఎక్కువ, డైరెక్ట్ ఎక్కువ, ఎస్‌జీపీటీ మాత్రం కాస్తే ఎక్కువ. దారి మూసుకుంది, అల్ట్రాసౌండ్ వెంటనే.

వైరస్ అనుకుంటే హెపటైటిస్ ఎ, ఇ లకి ఐజీఎం యాంటీబాడీ టెస్ట్, బి కి హెచ్‌బీఎస్‌ఏజీ, సి కి యాంటీ హెచ్‌సీవీ. ఈ నాలుగింటినీ కలిపి "వైరల్ జాండిస్, రెస్ట్ తీసుకో" అని వదిలెయ్యొద్దు. ఎ, ఇ నీళ్ళ ద్వారా వస్తాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. బి, సి రక్తం ద్వారా, సూదుల ద్వారా, తల్లి నుంచి బిడ్డకి, బి అయితే శృంగారం ద్వారా కూడా, ఇవి లోపలే తిష్టవేసి ఇరవై ముప్పై ఏళ్ళకి లివర్ గట్టిపడేలా చేస్తాయి, కాన్సర్ దాకా పోతాయి. సి కైతే ఇప్పుడు సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు మామూలుగా 12 వారాలు వాడితే నూటికి 95 మంది పైనే పూర్తిగా నయమైపోతున్నారు. బి కి చాలామందికి వైరస్‌ని అణచిపెట్టే మాత్రలున్నాయి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ రెండిటికీ టెస్టులు, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, చాలామందికి ఈ విషయమే తెలీదు, అప్పులు చేసి తిరుగుతుంటారు.

పసరు పని చేసినట్టు ఎందుకుంటది

మా బామ్మర్దికి వచ్చాయి ఆరేళ్ళ కిందట, హెపటైటిస్ ఎ. మా అత్తగారు "టెస్టులు నువ్వు చేస్కో బాబూ, పసరు నేను పోయిస్తా" అన్నారు, అల్లుణ్ణి కదా గట్టిగా కాదనలేకపోయా. రక్తం మాత్రం నాలుగైదు రోజులకోసారి నేనే తీశా. లెక్కలు ఇవీ: 4.2, 9, 13.8, 11, 6.5, 3, 1.4. పసరు పోసింది 13.8 ఉన్న రోజున. చూశారా ఎంత బాగా పనిచేసిందో అని అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు.

కానీ నా దగ్గర అదే నెలలో అదే కాలనీ నుంచి వచ్చిన ఇంకో ముగ్గురి రిపోర్టులున్నాయి, వాళ్ళు పసరు తాగలేదు. వాళ్ళ గీత కూడా ఇదే, ఎక్కడం, శిఖరం, దిగడం. హెపటైటిస్ ఎ అంటేనే అంత, ఒకటి రెండు వారాలు పెరిగి తర్వాత దానంతటదే దిగిపోద్ది. మనిషి పసరు కోసం ఎప్పుడు పరిగెత్తుతాడు? బాగా పచ్చబడి భయమేసినప్పుడు, అంటే శిఖరం మీద. అక్కణ్ణించి ఏం చేసినా దిగుడే, గుడికెళ్ళినా దిగుతది, మంచంలో పడుకున్నా దిగుతది. పసరు పోసేవాళ్ళు మోసగాళ్ళని కూడా నేననను, వాళ్ళకి నిజంగానే నూటికి తొంభై మంది తగ్గి తిరిగొచ్చి దండం పెడుతున్నారు, నమ్మక ఏం చేస్తారు. తగ్గనివాళ్ళు తిరిగి వాళ్ళ దగ్గరికి రారు, మా ల్యాబుకొస్తారు, అదీ తేడా.

నేల ఉసిరి సంగతి వేరేగా చెప్పాలి, అది ఉత్త నాటుమాట కాదు. 1988లో మద్రాసు డాక్టర్లు హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి నేల ఉసిరి పొడి ఇచ్చి లాన్సెట్ పత్రికలో రాశారు, వాడిన 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయిందని, ఉత్త మాత్ర ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయిందని. ఆ పేపర్ రాసినవాళ్ళలో హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్న బ్లంబర్గ్ కూడా ఉన్నారు, చిన్న విషయం కాదు. అందరూ ఎగిరి గంతేశారు. తర్వాత వేరే దేశాల్లో మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అంతే, అక్కడే ఆగిపోయింది. కాబట్టి ఎ రకం కామెర్లకి ఇంటి పెరట్లో కడిగిన నేల ఉసిరి ఆకు కాస్త మజ్జిగలో నూరి తాగుతానంటే నేను గొడవపడను, బి ఉంది, మాత్రలు ఆపేసి నేల ఉసిరి తాగుతానంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపుతా, బి మందు ఉన్నట్టుండి ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ చెడిపోయిన సందర్భాలున్నాయి.

ఇవి మాత్రం వద్దే వద్దు

కళ్ళల్లో పసరు. పచ్చి ఆకు రసం, దాంట్లో మట్టి, ఫంగస్, నల్లగుడ్డు మీద పుండు పడితే చూపే పోద్ది. పసుపు రక్తంలో ఉంటే కంటిని కడిగితే ఏం పోద్ది?

ముక్కులో చుక్కలు. చేదు గింజల రసం వేస్తారు, ముక్కులోంచి రోజంతా పచ్చగా నీళ్ళు కారతాయి, "చూడు కామెర్లు దిగిపోతున్నాయి" అంటారు. ముక్కు లోపలి పొర మండిపోయి కారే నీళ్ళు అవి, కామెర్లు లేనివాడికి వేసినా అలాగే కారతాయి.

సున్నపు నీళ్ళతో చేతులు కడిగించి పళ్ళెంలో నీళ్ళు పచ్చబడ్డం, మెడలో వేసిన దండ రోజురోజుకీ పొడవవ్వడం, ఇవి ఉత్తరాదిలో ఎక్కువ, మన దగ్గరా కొన్నిచోట్ల ఉన్నాయి. మొదటిది సున్నానికీ ముందే చేతికి రాసిన పసరుకీ మధ్య జరిగే రంగు ఆట, రెండోది పుల్లలు ఎండి చిక్కేకొద్దీ ముడులు వదులై సాగడం. వీటివల్ల హాని లేదు, పోయేది టైమే. కానీ ఒక్కోసారి ఆ టైమే ప్రాణం.

వాతలు. చేతి మీద కాల్చడం. బిడ్డలకి కూడా పెడతారు. లివర్ చెడినవాళ్ళకి రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుంటది, కాలిన పుండు చీము పడితే ఆ మనిషి తట్టుకోలేడు.

ఇంకోటి, పసరుతో పాటు ఇచ్చే పేరులేని నల్లపొడి, మాత్రలు. సీసా మీద పేరు లేదు, ఏం కలిపారో ఇచ్చినోడికే తెలీదు. తీసుకోవద్దు.

ఆయుర్వేదం, హోమియో వాడాలనే ఉంటే

ఆయుర్వేదం చదివిన రిజిస్టర్డ్ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, మందు పేరు కాగితం మీద రాయించుకోండి, మొదలెట్టేముందు ఒక ఎల్ఎఫ్‌టీ, వారానికోసారి మళ్ళీ. నంబర్లు పెరుగుతుంటే ఆపేసి చూపించండి. "ఆయుర్వేదానికి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనే మాట ఎవరన్నా అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యండి, మంచి ఆయుర్వేద డాక్టర్ అలా అనడు. లివర్‌కని ఇచ్చే ఆరోగ్యవర్ధినిలోనే పాదరసం గంధకం కలిపిన కజ్జలి ఉంటది, రాగి భస్మం ఉంటది, అది తెలిసినవాడు మోతాదు చూసి ఇచ్చేది, మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి మింగేది కాదు. తిప్పతీగ కూడా అంతే, కొవిడ్ టైంలో ఇమ్యూనిటీ అని అందరూ కషాయాలు కాచారు, 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు, ఆయుష్ శాఖేమో అది తిప్పతీగ కాదు, అలాంటి వేరే మొక్క అయ్యుంటదని ఖండించింది. ఎవరిది కరెక్టో పక్కనపెట్టండి, కామెర్లున్నప్పుడు దాని జోలికి పోకపోతే నష్టమేం లేదు. పసుపు కూరలో వేసుకోండి, ఫర్వాలేదు, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ మాత్రం మానెయ్యండి, వాటితోనూ లివర్ పాడైన కేసులున్నాయి.

హోమియో బాగా పలచన చేసిన గుళికలైతే అందులో మందు పదార్థం దాదాపు ఉండదు, తగ్గేది దానంతటదే తగ్గుతది. కానీ చెలిడోనియం మదర్ టింక్చర్ అని చుక్కలిస్తారు చూడండి, ఆ మొక్కే లివర్‌ని దెబ్బతీసిన దాఖలాలున్నాయి, అది వద్దు.

ఇంగ్లీషు మందులేం తక్కువ తినలేదు. టీబీ మందుల్లో మూడు లివర్‌ని ఇబ్బంది పెట్టగలవు, టీబీ కోర్సులో ఉండగా కళ్ళు పచ్చబడితే అదే రోజు టీబీ సెంటర్‌కి వెళ్ళి చెప్పండి, వాళ్ళు ఆపి మళ్ళీ ఒక్కొక్కటీ మొదలెడతారు, మీరే ఆపేసి ఇంట్లో కూర్చోవద్దు. పారాసెటమాల్ ఆరోగ్యంగా ఉన్నోడికే రోజుకి 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 మాత్రలు ఆరు, లివర్ జబ్బుంటే డాక్టర్లు 2 గ్రాముల దగ్గరే ఆపుతారు, పైగా జలుబు మాత్రల్లోనూ ఒళ్ళు నొప్పుల మాత్రల్లోనూ అదే ఉంటది, తెలీకుండా రెండింతలు వేసుకుంటారు. "లివర్ టానిక్" సీసాలు రాస్తారు, అడిగి రాయించుకునేవాళ్ళూ ఉన్నారు, వాటివల్ల ఎ రకం కామెర్లు తొందరగా తగ్గుతాయని గట్టి రుజువేం లేదు, ఆ డబ్బుతో పళ్ళు కొనుక్కోవచ్చు.

డాక్టర్ దగ్గరికెళ్ళినప్పుడు పసరు సంగతి దాచొద్దు. తిడతారని దాస్తారు. తిట్టనివ్వండి, ఏ ఆకో ఫోన్లో ఫోటో చూపించండి, ఎన్ని రోజులు తాగారో చెప్పండి, లేకపోతే నంబర్లు ఎందుకు పెరుగుతున్నాయో తెలీక ఆయన అనవసరంగా ఇంకో పది టెస్టులు రాస్తాడు.

పథ్యం

ఉప్పు లేకుండా, నూనె లేకుండా, పసుపు లేకుండా (రంగు ఒకటే కదా అని!) నలభై రోజులు చప్పిడి కూడు పెట్టి మనిషిని పుల్లలా చేస్తారు. దెబ్బతిన్న లివర్ మళ్ళీ పెరగడానికి తిండే కావాలి. అన్నం, పప్పు, ఇడ్లీ, పెరుగు, అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, వికారం లేకపోతే మామూలు కూరలు కొద్ది నూనెతో. పొద్దున్న ఆకలి బాగుంటది, సాయంత్రానికి వికారం పెరుగుతది, కాబట్టి పెద్ద భోజనం పొద్దునే పెట్టెయ్యండి. చెరుకురసం మంచిదని రోడ్డు మీద తాగిస్తారు, ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో, ఎ, ఇ వైరస్‌లు వచ్చేదే అక్కణ్ణించి. ఇంట్లో చేసిన నిమ్మకాయ నీళ్ళు తాగించండి. మందు మాత్రం చుక్క కూడా ముట్టకూడదు, ఎన్నాళ్ళన్నది డాక్టర్ చెప్తారు, "బీరేగా" అని అడగొద్దు.

ఇప్పుడే బండెక్కాల్సిన గుర్తులు

ఇది చదివి మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు. మనిషి మగతగా ఉండటం, పగలు నిద్ర రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు, చేతులు చాపమంటే పక్షి రెక్కల్లా కొట్టుకోవడం, చిగుళ్ళలోంచి ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, ఒంటేలు తగ్గిపోవడం. ఇందులో ఏ ఒక్కటున్నా ఐసీయూ ఉన్న ఆసుపత్రికే, దారిలో పసరు దగ్గర ఆగొద్దు.

గర్భిణికి కామెర్లంటే ఏ నెలైనా అడ్మిషనే. హెపటైటిస్ ఇ మామూలు మనుషుల్ని నాలుగు వారాల్లో వదిలేస్తది కానీ చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణుల్లో నూటికి ఇరవై మంది దాకా చనిపోగలరు.

ల్యాబులో నేను చూసిన ఒక ఘోరం చెప్తా. ఒకాయనకి ఎస్‌జీపీటీ 2400 నుంచి నాలుగు రోజుల్లో 380కి దిగింది, ఇంట్లోవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. కానీ బిలిరుబిన్ 9 నుంచి 19కి పోయింది, ఐఎన్‌ఆర్ 1.3 నుంచి 3.4. ఎస్‌జీపీటీ తగ్గింది లివర్ బాగై కాదు, పగలడానికి ఇంక కణాలు మిగల్లేదు. ఆ రిపోర్ట్ ఇచ్చేటప్పుడు కౌంటర్ వదిలి బయటికొచ్చి వాళ్ళ అబ్బాయికి చెప్పా, ఇవాళే సిటీకి తీసుకెళ్ళు తమ్ముడూ అని. అందుకే ఐఎన్‌ఆర్ రాయించుకోమని అంతగా చెప్తున్నా. 1.5 దాటిందంటే, బిలిరుబిన్ ఎంతున్నా సరే, అదే రోజు డాక్టర్ చూడాలి, మగత కూడా తోడైతే ఒక్క గంట కూడా ఆగకూడదు.

పసిబిడ్డలకైతే

పుట్టిన రెండు మూడు రోజులకి సగం మందికి పైగా పిల్లలకి పచ్చబడతది, చాలావరకు వారం పది రోజుల్లో పోద్ది, తల్లిపాలు బాగా పట్టడమే మందు. కానీ మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరికాళ్ళ దాకా పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, రెండు వారాలు దాటినా తగ్గకపోయినా ఆసుపత్రే. బిలిరుబిన్ మరీ పెరిగితే బిడ్డ మెదడులోకి ఎక్కుతది, పోయింది మళ్ళీ రాదు. పసరు, తేనె, పంచదార నీళ్ళు నోట్లో వెయ్యొద్దు.

నీలం లైటు కింద పెడతారు కదా, అది ఎలా మొదలైందో మా ల్యాబువాళ్ళకి ఇష్టమైన కథ. 1956లో ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో నర్సు ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పసుపు తగ్గడం గమనించింది, అదే రోజుల్లో ఒక బిడ్డ రక్తం ట్యూబు కిటికీ దగ్గర ఎండలో మర్చిపోతే టెస్టులో బిలిరుబిన్ తగ్గిపోయి వచ్చింది. దానిమీదే ఫోటోథెరపీ పుట్టింది. అందుకే మేము బిలిరుబిన్ శాంపిల్‌ని వెలుతురు తగలకుండా ఉంచుతాం, మీ ట్యూబు కిటికీలో ఎండకి పెట్టుంటే అడగండి, మొహమాటపడొద్దు. అలాగని బిడ్డని పొద్దుటెండలో పెడితే ఫోటోథెరపీ అయిపోదు, ఎంత వెలుగు పడిందో కొలత ఉండదు, బిడ్డ ఒళ్ళు వేడెక్కుద్ది లేకపోతే చల్లబడతది.

తగ్గాక

ఒంటేలు రంగు ముందు మారుద్ది, కళ్ళు చివర్లో. కొంత బిలిరుబిన్ ఆల్బుమిన్‌కి గట్టిగా అతుక్కుని ఉండి రెండు మూడు వారాలు నెమ్మదిగా దిగుతది, కాబట్టి ఒంటేలు తెల్లబడి, ఆకలి పుట్టి, కళ్ళు ఇంకా పచ్చగా ఉంటే మళ్ళీ పసరుకి పరిగెత్తక్కర్లేదు. నంబర్లు నార్మల్ అయ్యేదాకా రెండు వారాలకోసారి ఎల్ఎఫ్‌టీ. బి వచ్చినవాళ్ళు మాత్రం ఆరు నెలలకి హెచ్‌బీఎస్‌ఏజీ మళ్ళీ చేయించాలి, అప్పటికీ పాజిటివ్ అయితే లోపలే ఉండిపోయినట్టు, ఇంట్లో అందరికీ టెస్ట్ చేసి నెగెటివ్ ఉన్నవాళ్ళకి టీకా వేయించండి, పుట్టిన బిడ్డకైతే 24 గంటల్లోపే. ఎ, ఇ వచ్చిన ఇంట్లో నీళ్ళు తెర్లేదాకా కాచి తాగండి, ఆ మనిషి మూడు నాలుగు వారాలు వంట గదిలోకి రాకుండా చూడండి, బాత్రూమ్ వాడాక సబ్బుతో చేతులు కడగాలి. అదే వీధిలో ఇద్దరు ముగ్గురికి వస్తే ఏఎన్ఎమ్ అక్కకో మున్సిపాలిటీకో చెప్పండి, పైపులైను ఎక్కడో మురుగు కాలవతో కలిసుంటది, దాన్ని తవ్వి చూడాలి.